నోరు కట్టుకోమనే ముందు: ఇద్దరు ఆరోగ్య మంత్రులకు ఒక లావు మనిషి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రులకు,



ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నీళ్ళ దగ్గర, ఆస్తుల పంపకాల దగ్గర మీ రెండు ప్రభుత్వాలకూ ఎన్ని పేచీలున్నా, నడుము కొలత దగ్గర మాత్రం మనం ఇంకా విడిపోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1 శాతం ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో ఆడవాళ్ళు 30.1, మగవాళ్ళు 32.3. దేశం మొత్తమ్మీద ఆడవాళ్ళు 24, మగవాళ్ళు 22.9 శాతమే. ఇదంతా బీఎంఐ 25 దాటినవాళ్ళ లెక్క. మన ఒంటితీరుకు 23 దాటితేనే అధిక బరువు అనాలని మన దేశపు వైద్యులు 2009లోనే ఒక మాట అనుకున్నారు. ఆ గీత దగ్గర నిలబెట్టి లెక్కిస్తే ఈ అంకెలు ఇంకెంత పైకి పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను ఆ శాతాల్లో ఒకదాన్ని. వయసు యాభై దాటింది. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు 94 కిలోలు.

ఈ మధ్య మా గురించి పెద్దల నోట మాట వినబడుతోంది, సంతోషం. 2025 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో ప్రధాని వంటనూనె పది శాతం తగ్గించమన్నారు. ఆ సవాలును ఒక్కొక్కరూ పదిమందికి అందించమన్నారు. ఆ ఏడాదే కేంద్ర ఆరోగ్యశాఖ ఆఫీసుల్లో నూనె, చక్కెర బోర్డులు పెట్టమని చెబితే, సమోసాకీ జిలేబీకీ సిగరెట్ పెట్టె మీద ఉన్నట్టు హెచ్చరికలు వస్తున్నాయని పుకారు లేచింది. అలాంటిదేమీ లేదని జూలైలో కేంద్రం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. నూనె తగ్గించమన్న మాటతో నాకు పేచీ లేదు. మన పోపుల సంగతి, పచ్చళ్ళ జాడీలో పైకి తేలే నూనె సంగతి నాకు తెలియంది కాదు. పేచీ ఎక్కడంటే, ఎంత పెద్దవాళ్ళు ఎక్కణ్నుంచి మాట్లాడినా చివరికి ఆ మాట వచ్చి వాలేది ఒంటరి మనిషి నోటి మీదే. నోరు కట్టుకో. డాక్టరుగారిదీ అదే మాట, ఆడపడుచుదీ అదే మాట. ఆర్టీసీ బస్సులో పక్క సీటు ఆవిడైతే మాట కూడా ఖర్చు పెట్టదు, ఒకసారి చూసి కిటికీ వైపు జరుగుతుంది.

నోరు కట్టుకోవడం చేతకాని జనమా మనం? కార్తీక సోమవారం నక్షత్రం కనబడేదాకా మంచినీళ్ళతో గడిపే ఆడవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. రంజాన్ ఎండాకాలంలో వచ్చినా రోజా పట్టి, ఆటో తోలుకుంటూ సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టనివాళ్ళున్నారు. అన్నిటికీ మించి అయ్యప్ప మాల సంగతి చూడండి. పొద్దున్నే సిగరెట్ పడనిదే గడప దాటనివాడు, రాత్రి మందు పడనిదే ముద్ద దిగనివాడు, తెల్లవారుజామునే లేచి చన్నీళ్ళు పోసుకుంటాడు. పగలు భిక్ష, రాత్రికి అల్పాహారం, చాప మీద పడక, కాళ్ళకు చెప్పులుండవు. అలా 41 రోజులు. అంతటివాడు శబరిమల నుంచి దిగొచ్చి మాల తీసిన వారానికి పాన్‌డబ్బా ముందు కనబడితే జనం నవ్వుతారు, భక్తి అయిపోయిందా స్వామీ అని.

నాకు నవ్వు రాదు. ఆ 41 రోజులూ అతని చుట్టూ ఏమేం ఉన్నాయో లెక్కపెట్టాలనిపిస్తుంది. ఇంట్లో వేరే గిన్నెల్లో వండిపెట్టే ఇల్లాలు ఉంది. ఒంటి మీది నల్లబట్టలు చూసి ఏ చుట్టమూ పళ్ళెంలో చికెన్ ముక్క వేయడు. ‘ఒక్క పెగ్గే గదరా’ అనే స్నేహితుడే ‘స్వామీ’ అని పక్కకు తప్పుకుంటాడు. సాయంత్రం పూజ దగ్గర తనలాంటివాళ్ళు పాతికమంది ఉంటారు, ఒకరోజు రాకపోతే గురుస్వామి కబురు పెడతాడు. ఆఫీసుకు చెప్పుల్లేకుండా వచ్చినా పైఅధికారి పల్లెత్తు మాట అనడు. దీక్ష ఎప్పుడు ముగుస్తుందో తేదీ ముందే తెలుసు. మాల తీసిన రోజున అతని మనసు చెడిపోలేదు, ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా లేచిపోయింది.

సన్నబడాలనుకునే మనిషికి మాల లేదు. మెడలో ఏమీ లేదు గనక పెళ్ళి భోజనాల్లో ఎవరైనా బలవంతం చేయొచ్చు. వద్దంటే ‘మా వంట నచ్చలేదా’ అంటారు, ‘నా మీద ఒట్టు’ అంటారు. మొహమాటపడి వేయించుకుంటే, చేయి కడుక్కోవడానికి లేచిన మరుక్షణం ‘అంతంత తింటే లావెక్కక ఏమవుతుంది’ అంటారు. ఆ రెండు మాటలూ అన్నది ఒక్కరే అయి ఉంటారు కూడా. ఇక మా దీక్షకు ముగింపు తేదీ అంటూ లేదు, కాటికి పోయేదాకా సాగాల్సిందే. అందుకే ఏడాదికో డైటు పుట్టుకొస్తుంది. కొబ్బరినూనె తాగి అన్నం మానేయమన్న డైటు ఒకప్పుడు మన ఊళ్ళను ఎలా ఊపేసిందో మీకు గుర్తుండే ఉంటుంది.  ఆ డైటు చేసిన మా బంధువుల్లో నిజంగానే చాలామంది తగ్గారు. తగ్గినవాళ్ళలో అదే బరువు మీద నిలబడ్డవాళ్ళ కోసం మాత్రం ఇంకా వెతుకుతున్నాను.

నిగ్రహం గురించి పరిశోధన చేసినవాళ్ళు కూడా తిరిగి తిరిగి ఈ ఏర్పాటు దగ్గరికే వచ్చారు. జర్మనీలోని వ్యూర్ట్స్‌బర్గ్‌లో 205 మంది పెద్దవాళ్ళకు స్మార్ట్‌ఫోన్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ‘ఇప్పుడు ఏం కావాలనిపిస్తోంది, ఆపుకుంటున్నారా’ అని అడిగారు. నిగ్రహం ఎక్కువున్నవాళ్ళు కోరికలతో రోజంతా కుస్తీ పట్టి గెలుస్తుంటారని మనం అనుకుంటాం. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో తేలింది వేరు. వాళ్ళకు కుస్తీలే తక్కువ. చిక్కులోకి వెళ్ళకుండా ముందే రోజును సర్దుకున్నవాళ్ళు వాళ్ళు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీలో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు తినుబండారం పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తానన్న ప్రయోగం మీరు వినే ఉంటారు. ఆగగలిగిన పిల్లలు దాన్ని తదేకంగా చూస్తూ పళ్ళు బిగబట్టలేదు. కళ్ళు మూసుకున్నారు, అటు తిరిగి కూర్చున్నారు, పాటలు పాడుకున్నారు. కనబడకుండా కప్పిపెడితే ఇంకా ఎక్కువసేపు ఆగారు. అలా ఆగిన పిల్లలే పెద్దయ్యాక బాగుపడతారన్న మాట దశాబ్దాలు చెలామణీ అయింది. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల లెక్క తీసి, ఇంటి ఆర్థిక పరిస్థితినీ తల్లి చదువునూ కలిపి చూస్తే ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది.

మరి ఒంటి సంగతో? మీ ఇద్దరి కింద వేలమంది డాక్టర్లున్నారు. అడిగితే వాళ్ళే చెబుతారు, కానీ ఓపీలో మాకు చెప్పరు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగం కడుపుకే తిండి పెట్టి గమనించాడు. యుద్ధానికి వెళ్ళం అని మనస్సాక్షి కోసం నిలబడ్డ యువకులు వాళ్ళు, ప్రపంచంలో అంతకంటే గట్టి మనసున్నవాళ్ళను ఏరడం కష్టం. కొన్ని వారాలకే వాళ్ళకు తిండి తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది. చదివితే వంటల పుస్తకాలే చదివారు. పళ్ళాలు నాకారు. మనుషులతో మాటలు తగ్గించుకుని చిరాకు పడ్డారు. మన ఇళ్ళలో డైటింగ్ చేస్తున్న మనిషి గురించి ‘ఊరికే కస్సుమంటోంది’ అంటారు చూడండి, ఆ కస్సుకు ఎనభయ్యేళ్ళ కిందటి రికార్డు ఉంది.

తగ్గాక కూడా ఒళ్ళు ఊరుకోదు. ఆస్ట్రేలియాలో 50 మందిని పది వారాలు గట్టి పథ్యంలో పెట్టి, ఏడాది తర్వాత రక్తం పరీక్షిస్తే ఆకలి పెంచే హార్మోన్లు ఇంకా పైనే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా కిందే ఉన్నాయి. 2011లో వచ్చిన పరిశోధన అది. కెనడాలో క్లాడ్ బుషార్ 12 జతల కవల యువకులకు వంద రోజుల్లో 84 రోజులపాటు రోజుకు వెయ్యి కెలొరీలు అదనంగా తినిపించాడు. ఒకరు నాలుగు కిలోలు పెరిగితే ఇంకొకరు 13 కిలోలు పెరిగారు, అదనంగా తిన్నది మాత్రం అందరూ ఒకటే. ఒక జతలో ఇద్దరి మధ్య తేడా మాత్రం జతకూ జతకూ మధ్య తేడాకన్నా చాలా తక్కువ. ‘మేమూ తింటున్నాం, మాకెందుకు రావట్లేదు’ అనే బక్కపల్చని బంధువులకు ఈ సంగతి ఎవరైనా చేరవేస్తే బాగుణ్ను.

ఇప్పుడు సూదిమందు వచ్చింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన మార్కెట్లోకి దిగాయి. మౌంజారో వచ్చినప్పటి ధర చూస్తే, వారానికో సూది చొప్పున నెలకు 14,000 నుంచి 17,500 రూపాయలు. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి దాకానే గనక ధరలు దిగుతాయన్న ఆశ పుట్టింది. ఈ మందులు వాడినవాళ్ళలో చాలామంది చెప్పే మాట, తిండి గురించి బుర్రలో సాగే రొద ఆగిపోయిందని. అన్నం గిన్నె ఎదురుగా ఉన్నా పట్టనట్టు లేచి రాగలుగుతున్నామని. ఇన్నాళ్ళూ దీన్నే గదా మీరంతా నిగ్రహం అన్నది? అది వారానికో సూదిలో దొరుకుతోందంటే, అది లేకపోవడాన్ని మా గుణం మీద మచ్చగా లెక్కగట్టిన తీర్పులన్నీ ఏమైనట్టు? మందు ఆపేశాక ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని కూడా వెగోవీ కంపెనీ ట్రయల్‌లోనే తేలింది. డబ్బున్నవాళ్ళు ఆపకుండా వేయించుకుంటారు. లేనివాళ్ళకు మీరు బోర్డు చూపిస్తారా?

మన ఊళ్ళలో ఒక మనిషి చుట్టూ ఉన్నదేమిటో కాసేపు చూద్దాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉంది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కేంద్ర ఆరోగ్యమంత్రి పార్లమెంటులో కూడా ఆ లెక్క చెప్పారు. చదువు, డబ్బు, ఆఫీసులోనే జిమ్ము ఉన్నవాళ్ళు వాళ్ళు. లేనిది నిద్ర. కదలిక కూడా లేదు. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే కుర్రాళ్ళలో కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం పడిపోయి, ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగిందని 2004లోనే తేలింది. అమెరికా టైముకు మేలుకుని రాత్రి పన్నెండింటికి బిరియానీ తెప్పించుకునే కుర్రాడికి నిగ్రహం గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. అతని షిఫ్టు జోలికి వెళ్ళడం కష్టం.

ప్రభుత్వం చేతిలో ఉన్నవాటి సంగతికొస్తాను. 2025 జూలైలో చక్కెర బోర్డుల గురించి మాట్లాడుకున్నాం. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. ప్యాకెట్ మిక్చర్, భుజియా లాంటివి 12 నుంచి 5కు దిగాయి. కూల్‌డ్రింకుల మీద 40 శాతం అలాగే ఉంచారు, అది మాత్రం మంచి పనే. జీఎస్టీ మండలిలో మీ రెండు రాష్ట్రాల ఆర్థికమంత్రులకూ కుర్చీలున్నాయి. కేరళ 2016లో బర్గర్, పిజ్జాల మీద 14.5 శాతం పన్ను వేసినప్పుడు దేశమంతా నవ్వింది. మరుసటేడు జీఎస్టీ వచ్చి అది మాయమైంది గనక పనిచేసేదో లేదో తెలుసుకునే వీలే లేకపోయింది.

బియ్యం సంగతి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఎన్ని ఇళ్ళలో రాత్రిపూట పొయ్యి వెలిగిందో చూసినదాన్ని. లావు పేరు చెప్పి పేదవాడి కంచం మీద చెయ్యి వేయడానికి నేను ఒప్పుకోను. 2025 ఉగాది నుంచి తెలంగాణ ఇస్తున్న సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన రోజువారీ పళ్ళెంలో ధాన్యాలే 250 గ్రాములున్నాయి, కాబట్టి బియ్యం ఎక్కువైందనడానికి లేదు. ఆ పళ్ళెంలో మిగతావి చూడండి. పప్పు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోల పప్పు, 48 కిలోల కూరగాయలు కావాలి. ఆ ఇంటికి రేషన్ డిపోలో బియ్యం వచ్చినంత ఖాయంగా పప్పు రాదు, కూరగాయలు అసలే రావు. మన దేశంలో సగటు మనిషి తినే కెలొరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ వాళ్ళ 2025 లెక్క. కూర తక్కువై అన్నం ఎక్కువ తిన్న మనిషికి మీ డాక్టరు ‘రైస్ మానెయ్యి’ అంటాడు. మానేసి ఏం తినాలో రాసిన చీటీ నేనింతవరకు చూడలేదు.

మా ఊరి ప్రభుత్వాసుపత్రి ఒకటి ఉంది. పేరు చెప్పను, దాన్ని ఒక్కదాన్నే దండించి మిగతావి వదిలేస్తారని. అక్కడ ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగరు పరీక్షలు చేస్తారు. బరువు మిషన్ వరండాలో ఓపీ చీటీల కిటికీ పక్కనే ఉంటుంది. నా ముందున్న పెద్దావిడ చెప్పులు విప్పింది, చేతిసంచీ కింద పెట్టింది, గాజులు కూడా తీసి మనవరాలి చేతికిచ్చి మిషనెక్కింది. సిస్టర్ అంకె చూసి, అవతలి టేబుల్ దగ్గర రాసుకునే అమ్మాయికి వినబడాలని కేక పెట్టింది. ‘ఎనభై ఎనిమిదీ!’ క్యూలో తలలన్నీ తిరిగాయి. తర్వాత నా అంకె. అప్పుడు ఎవరో చిన్నగా ఈల వేశారు.

ఆ తర్వాత బీపీ. పట్టీ నా జబ్బకు చాలదు. అంచు అందదు, అందినా అంటుకోదు, గాలి ఎక్కగానే చర్రుమని ఊడొస్తుంది. ఆ అమ్మాయి రెండు చేతులతో దాన్ని బిగించి పట్టుకుని, ‘ఇంత లావైతే ఎలాగమ్మా’ అంటూనే మిషన్ నొక్కింది. 158 వచ్చింది. మందు రాశారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఇచ్చిన పట్టీ అదొక్కటే. కానీ అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు 2023లో చూపించిందేమిటంటే, పెద్ద పట్టీ కావలసినవాళ్ళకు మామూలు పట్టీ కడితే పై అంకె 5 పాయింట్ల దాకా, అన్నిటికన్నా పెద్దది కావలసినవాళ్ళకు దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. నా 158లో నా రక్తనాళాలది ఎంత, పట్టీది ఎంత? ఆ రోజు నుంచి నేను మింగుతున్న మాత్ర ఎవరికి?

డాక్టరుగారి దగ్గర రెండు నిమిషాలు. ‘వెయిట్ తగ్గాలి, రోజూ వాకింగ్ చెయ్యండి.’ మా వీధిలో ఫుట్‌పాత్ అంటే మురుక్కాలవ మీద పరిచిన పలకలు. వాటిలో కొన్ని లేవు. ఉన్నవాటి మీద బైకులున్నాయి. పొద్దున చీకట్లో నడుద్దామంటే కుక్కలు. ఇది మీ శాఖ కాదంటారు, నిజమే. కానీ చీటీ రాసేది మీ శాఖే.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. లావుగా ఉంటే ఏమీ కాదు, అందరూ మమ్మల్ని ముద్దు చేయండి అని నేను అడగడం లేదు. షుగరు, మోకాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ నాకు వార్తలు కావు. ఇంట్లో ఏ సరుకు కొనాలి, ఫ్రిజ్‌లో ఏది పెట్టకూడదు అనేది నా చేతిలో ఉన్న పని, చేస్తున్నాను. నేను అడిగేది, మమ్మల్ని కొలిచే కొలత మార్చమని.

అమెరికాలో రొనెట్ కొలోట్కిన్ అనే పరిశోధకురాలు అధిక బరువున్నవాళ్ళ జీవన నాణ్యతను కొలవడానికి 31 ప్రశ్నల పత్రం తయారు చేసింది. కదలిక, ఆత్మగౌరవం, దాంపత్యం, నలుగురిలో పడే ఇబ్బంది, ఉద్యోగం, ఇవి అందులో విభాగాలు. దాంపత్యం గురించి అడిగే డాక్టరు మన ఓపీలో నాకు ఎదురుపడలేదు గాని, అడిగితే చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ పత్రాన్ని మక్కీకి మక్కీ దించితే మనకు పనికిరాదు. మన బతుకు వేరు. మనకైతే ఇలా అడగాలి. పంక్తి భోజనంలో కింద కూర్చుని లేవగలుగుతున్నావా, ఎవరైనా చెయ్యి ఇవ్వాలా? పుట్టింటి దొడ్లో ఉన్నది కింద కూర్చునే మరుగుదొడ్డే గనక రెండో రోజుకే తిరిగొచ్చేస్తున్నావా? చెప్పు పట్టీ పెట్టుకోవడానికి మంచం మీద కూర్చోవాలా? షేర్ ఆటోవాడు నిన్ను చూసి ఆపకుండా పోయాడా? పెళ్ళిలో ఫోటో తీస్తుంటే వెనక వరసలోకి జరుగుతున్నావా, జాకెట్ కుట్టించుకోవడానికి టైలర్ దగ్గరికి వెళ్ళడం మానేశావా? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతానని మొక్కుకుని, మోకాళ్ళ పర్వతం తలచుకుని బస్సెక్కావా? తీరని మొక్కు ఏ రక్తపరీక్షలోనూ కనబడదు. కానీ యాభై ఏళ్ళ ఆడదాన్ని రాత్రి నిద్రపట్టనివ్వనిది హెచ్‌బీఏ1సీ అనే షుగరు అంకె కన్నా అదే కావచ్చు.

జబ్బుల ముప్పు లెక్కగట్టడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే సీబ్యాక్ ఫారంలో నడుము కొలత ఉంది, పొగాకు, మందు, వ్యాయామం, కుటుంబంలో జబ్బుల చరిత్ర ఉన్నాయి. లావు వల్ల బతుకులోంచి ఏం జారిపోయిందో అడిగే గడి లేదు.

కొలత మారితే ఏమవుతుందో చెప్పడానికి కొన్ని పరిశోధనలున్నాయి. అమెరికాలో లుక్ అహెడ్ పేరుతో, షుగరూ అధిక బరువూ ఉన్న 5,145 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. సగంమందికి తిండి, వ్యాయామం మీద గట్టి శిక్షణ ఇచ్చారు. గుండెపోట్లు తగ్గించడంలో తేడా లేదని 2012లో ఆపేశారు. పేపర్లు విఫలమన్నాయి. అదే పరిశోధనలో, శిక్షణ పొందినవాళ్ళలో నడక, మెట్లెక్కడం లాంటి శక్తి కోల్పోయే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. మెట్లెక్కగలగడం వైఫల్యమా? మోకాళ్ళు అరిగినవాళ్ళలో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచి చెప్పారు. అంటే 94 నుంచి 90కి దిగినా నా మోకాలికి పదహారు కిలోల ఊరట. మీ చార్టులో మాత్రం నేను ఇంకా ఎర్రగడిలోనే ఉంటాను. మన పక్కనే చెన్నైలో, షుగరు వచ్చే అంచున ఉన్న 531 మందితో చేసిన పరిశోధన 2006లో వచ్చింది. నడక, తిండి మార్పులతో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మీ వరండా మిషన్ మీద నిలబెడితే వాళ్ళందరూ ఫెయిలే.

అవమానం మందులా పనిచేస్తుందని మనవాళ్ళకొక నమ్మకం. ఆరు వేలమందికి పైగా అమెరికన్ల వివరాలు పరిశీలిస్తే, బరువు కారణంగా చిన్నచూపు ఎదుర్కొన్నవాళ్ళు తర్వాతి నాలుగేళ్ళలో ఊబకాయంలోకి వెళ్ళే అవకాశం మిగతావాళ్ళకన్నా రెండున్నర రెట్లు ఉందని 2013లో తేలింది. మన సినిమాల్లో లావుగా ఉన్న పాత్ర కనబడగానే వెనక డోలు శబ్దం వేయించే దర్శకులకు మీరు జీవో ఇవ్వలేరు. సిస్టర్ కేకకు ఇవ్వగలరు.

మన దగ్గర ఏర్పాట్లు చేయగలిగినవాళ్ళు లేరా అంటే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొగుళ్ళకు నిగ్రహం బోధించలేదు. సారా ఊళ్ళోకి రాకుండా అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. తిండి సారా కాదు, దాన్ని నిషేధించమని అడిగేవాళ్ళెవరూ లేరు. ఆ ఆడవాళ్ళ తరవాతి తరం ఇప్పుడు డ్వాక్రా సంఘాల్లో కూర్చుని పొదుపు పుస్తకాలు రాస్తోంది. ఒకరోజు రాకపోతే కబురు పెట్టేవాళ్ళు, ఒకరి కష్టం ఒకరికి తెలిసినవాళ్ళు అక్కడ ముందే ఉన్నారు. ఇష్టమైనవాళ్ళతో అక్కడే ఒక గుంపు కట్టించండి. కలిసి నడవడం, పప్పూ కూరగాయలూ కలిసి టోకున కొనడం, ఏడాదికోసారి పోషకాహార నిపుణురాలు వచ్చి వాళ్ళు వండేదే చూసి సలహా చెప్పడం. దయచేసి అక్కడ బరువు మిషన్ పెట్టి అంకెలు గోడ మీద రాయకండి. పోటీలు పెట్టి ప్రెషర్ కుక్కర్లు పంచకండి.

అది పెద్ద పని, ఏళ్ళు పడుతుందని తెలుసు. వెంటనే అయ్యేవి కొన్నున్నాయి. ప్రతి పరీక్ష కేంద్రంలో బరువు మిషన్‌ను గది లోపలికి జరపాలి, అది కుదరకపోతే తెర కట్టాలి. అంకెను కేకేయకుండా చీటీ మీద రాసి మనిషి చేతికివ్వాలి. ‘మీ బరువు గురించి మాట్లాడదామా’ అని డాక్టరు ముందు అడగాలి, ఎవరైనా ఈరోజు వద్దంటే ఆ మాటను మన్నించాలి. చేతులున్న కుర్చీల పక్కన చేతుల్లేని కుర్చీలు రెండు వేయాలి. సీబ్యాక్ ఫారంలో కనీసం కూర్చుని లేవడం, మెట్లు, మరుగుదొడ్డి, నలుగురిలోకి వెళ్ళడం గురించి నాలుగు ప్రశ్నలు చేర్చి, ఆరు నెలలకు మళ్ళీ అవే అడగాలి. ఫారం కేంద్రానిది, మేం మార్చలేం అంటే, మీ రాష్ట్రం తరఫున వెనకవైపు ఒక పేజీ అతికించడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇక బీపీ పట్టీలు. పెద్ద సైజుది ఒకటి, అంతకంటే పెద్దది ఒకటి, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, ప్రతి బస్తీ దవాఖానాకూ కావాలి. వేలల్లో ఖరీదు చేసే వస్తువు కాదు. విజయవాడ వైపు ఏపీఎంఎస్ఐడీసీ, హైదరాబాద్ వైపు టీజీఎంఎస్ఐడీసీ ఏటా మందులకూ పరికరాలకూ టెండర్లు పిలుస్తూనే ఉన్నాయి. వచ్చే ఇండెంటులో ఈ ఒక్క వరుస చేర్పించి, ఏ జిల్లాకు ఎన్ని వెళ్ళాయో జాబితా బయటపెట్టండి. మా ఆసుపత్రి పేరు అందులో కనబడ్డ రోజున వెళ్ళి నా బీపీ మళ్ళీ చూపించుకుంటాను. ఆ మాత్ర ఉంచాలో ఆపాలో అప్పుడు మీ డాక్టరుగారే చెబుతారు.

ఇట్లు,
మీ ఓపీ క్యూలో నిలబడే ఒక లావు మనిషి